పుండు దానంతటదే మానితే జబ్బు పోయినట్టేనా?

సూరత్ మిల్లు నుంచి ఒడిశాలోని బరంపురం తిరిగొచ్చిన ఒకరి ప్రశ్న: మర్మాంగంపై నొప్పిలేని పుండు వచ్చి, మందు లేకుండానే మానింది, ఇంక భయం లేదు కదా?

అసలు చిక్కు అక్కడే ఉంది. అది సెక్స్ ద్వారా అంటుకునే సిఫిలిస్ జబ్బు కావచ్చు. ఆ పుండు 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానుతుంది, క్రిమి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ఏళ్ల తర్వాత గుండెనో మెదడునో పట్టుకోవచ్చు. తొలిదశలో తేలితే సాధారణంగా ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్ చాలు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగకండి.

జిల్లా ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు చూసే సురక్షా క్లినిక్‌లో రక్తపరీక్ష, మందులు ఉచితం. బరంపురంలో తెలుగు తెలిసినవాళ్లకు కొదవలేదు, భాష టెన్షన్ వద్దు. హెచ్‌ఐవీ పరీక్షా చేయించుకోండి. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా 3 నెలలకు మళ్లీ చూడాలి. మీ ఆవిడకూ పరీక్ష తప్పదు, చెప్పడం కష్టమే అయినా. చికిత్స పూర్తయ్యేదాకా కలవకండి. కండోమ్ వాడినా, అది కప్పని చోట పుండుంటే అంటుకుంటుంది. ఫోన్‌లో అడగాలంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097, ఉచితం.