ఫోన్‌లో బంగారం కొనే కాలంలో చిట్టీ ఎందుకంటే

ఫోన్‌లో పది రూపాయలకు కూడా డిజిటల్ బంగారం దొరుకుతున్న ఈ రోజుల్లో వరంగల్ వాళ్లు ఇంకా చిట్టీలు ఎందుకు వేస్తున్నారు, అది తెలివితక్కువ పని కాదా అని కొందరు అడిగారు. వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు మోటారు విడిభాగాల దుకాణం నడుపుతూ, పెళ్లయిన నాటి నుంచి ఏదో ఒక చిట్టీ కడుతూనే ఉన్నవాడిని కాబట్టి చెబుతున్నాను: తెలివితక్కువ పని కాదు. చిట్టీని ఫిక్స్‌డ్ డిపాజిట్ పక్కన పెట్టి ఎంత శాతం గిట్టిందని లెక్క వేసేవారికి అది ఎప్పుడూ నష్టంగానే కనిపిస్తుంది. వ్యాపారం చేసుకునే వాళ్లం చిట్టీ వేసేది, ఏ నెలలో అవసరం పడుతుందో ముందుగా తెలియని పెద్ద మొత్తం కోసం.

కొన్నేళ్ల క్రితం మా దుకాణం పక్క మడిగె (దుకాణపు గది) ఖాళీ అయింది. రెండు మడిగెలు కలిపితే పంపుసెట్ల సామాను కూడా పెట్టుకోవచ్చని నాకు చాలాకాలంగా ఆశ ఉండేది. యజమాని మూడున్నర లక్షలు అడ్వాన్సు అడిగి, ఆ నెల దాటితే మరొకరికి ఇచ్చేస్తానన్నాడు. బ్యాంకులో అడిగితే మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, తనఖాకు స్థిరాస్తి కాగితాలు తెమ్మన్నారు. ఇంట్లో ఉన్న బంగారం అప్పటికే ఒక చోట కుదువలో ఉంది. మిగిలింది హనుమకొండలో నడుస్తున్న ఐదు లక్షల చిట్టీ: 25 మంది సభ్యులు, 25 నెలలు, నెలకు 20,000 రూపాయలు. ప్రతి నెలా పాటలో ఎవరు ఎక్కువ తగ్గింపుకు ఒప్పుకుంటే ఆ నెల సొమ్ము వాళ్లది.

పాట రోజున కంపెనీ ఆఫీసు మెట్ల దగ్గర, చాయ్ బండి పక్కన, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారం) నడిపే ఆయన నన్ను ఆపాడు. మిర్చి సీజను మొదలైంది, రైతులకు డబ్బు సర్దాలి, ఆయనకూ ఆ నెలే చిట్టీ కావాలి. "తమ్మీ, మనమిద్దరం కొట్లాడుకుంటే కంపెనీకి ఏం పోదు, మనకే బొక్క. ఈ నెల నన్ను పాడుకోనియ్యి, పై నెల నీకు అడ్డం రాను" అన్నాడు. నా మడిగె సంగతి చెప్పాను. కాసేపు చాయ్ గ్లాసును చేతిలో తిప్పుతూ ఆలోచించి, "సరే తియ్యి, నీది చేతిల నుంచి పోయేటట్టున్నది, నేను ఇంకొక దగ్గర సర్దుకుంట" అన్నాడు. ఆ మాటతో అరవై వేల తగ్గింపుకే చిట్టీ నాదవుతుందన్న ధీమాతో పైకి వెళ్లి కూర్చున్నాను.

పాట నిజంగా అరవై వేల వరకు మెల్లగానే నడిచింది. అప్పుడు వెనుక వరుసలో నుంచి, అంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడని ఒక టైలరింగ్ షాపు ఆవిడ "డెబ్బై" అన్నది. నేను డెబ్బై ఐదన్నాను. ఆవిడ తొంభై అన్నది. అడ్తి ఆయన నా వైపు చూసి భుజాలు ఎగరేశాడు; మెట్ల మీద మేము చేసుకున్న ఒప్పందంలో ఆవిడ లేదు కదా. నేను లక్షా ఇరవై ఐదు వేలు అనేసరికి ఆవిడ ఆగింది, గుమస్తా మూడుసార్లు పిలిచి పాట కొట్టేశాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఐదు లక్షల్లో 1,25,000 పోను నా చేతికి 3,75,000. ఆ తగ్గింపులో కంపెనీ కమీషన్ ఐదు శాతం, అంటే 25,000 తీసేస్తే మిగిలిన లక్షను 25 మందికి పంచారు. తలా 4,000 డివిడెండ్ వచ్చి, ఆ వాయిదాకు అందరూ 16,000 కట్టారు. (2019 సవరణతో చట్టం ఈ కమీషన్ పరిమితిని ఏడు శాతానికి పెంచింది, 2022 జూలై నుంచి దాని మీద జీఎస్టీ 18 శాతమైంది. అన్నిటి ధరలూ పెరుగుతున్నప్పుడు మధ్యవర్తి కూలి మాత్రం ఎందుకు ఆగుతుంది!) లక్షా పాతిక వేలు పోగొట్టుకున్నావని మా తమ్ముడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. ఆ రెండో మడిగెలో పంపుసెట్ల మీద వచ్చిన ఆదాయం ముందు ఆ మొత్తం పెద్దది కాదని నా వాదన, అతడు లెక్క పుస్తకం చూడడానికి ఒప్పుకోడు.

డిజిటల్ బంగారంతో ఈ పని జరగదు. నెలకు ఇరవై వేల చొప్పున ఆరు నెలలు కొన్నవాడికి, ధర ఎంత పెరిగినా, ఏడో నెలలో దాదాపు నాలుగు లక్షలు చేతికి రావు. వాడు దాచింది, దాని మీద పెరిగింది మాత్రమే వస్తుంది. చిట్టీలో ఇంకా కట్టని పద్దెనిమిది నెలల సొమ్ము కూడా ముందే అందుతుంది. పైగా డిజిటల్ బంగారం కొనేటప్పుడే మూడు శాతం జీఎస్టీ పోతుంది, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా వేరుగా ఉంటుంది. ఇది తమ నియంత్రణ కిందికి రాదని, జాగ్రత్తగా ఉండాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో ప్రకటించింది. 2025లో పది గ్రాములు లక్ష దాటిన తరువాత బంగారం కొని పెట్టుకున్నవాళ్లు లాభపడ్డారన్నది కాదనను. కానీ అది మిగులు డబ్బు ఉన్నవాళ్ల కథ.

చిట్టీలో నన్ను నిజంగా విసిగించేది పాట తరువాతి ఘట్టం. పాడుకున్నంత మాత్రాన సొమ్ము ఇవ్వరు, మిగతా వాయిదాలకు పూచీ పడే ష్యూరిటీలు కావాలి, ఆ ష్యూరిటీలు చాలాచోట్ల ప్రభుత్వ ఉద్యోగులై ఉండాలి. దుకాణదారుడి మాటకు, నెల నెలా తప్పకుండా కట్టిన రసీదులకు విలువ లేదు. జీతం సర్టిఫికెట్‌కే విలువ. పంతులుగా పనిచేసే మా బామ్మర్ది, నేను ఫోన్ చేస్తున్నది ఎందుకో పసిగట్టి, పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని రోజుల తరబడి తప్పించుకున్నాడు. చివరికి మా అక్క వెళ్లి "మీ అక్క మొగడే కదరా అడిగేది" అని కూర్చుంటే సంతకం పెట్టాడు. ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవాడిని చూసి మా వైపు బంధువులు పిల్లనివ్వడానికి ఎంత ఉత్సాహపడతారో, చిట్టీ పాడుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ ఉత్సాహపడతారు. ఈలోగా మడిగె యజమానికి కొంత బయానా ఇచ్చి ఆపుకోవలసి వచ్చింది.

ఇక టెక్నాలజీ సంగతి. చిట్టీల లెక్కలను బ్లాక్‌చైన్‌లో, అంటే ఒకసారి రాస్తే మార్చడం కష్టమైన డిజిటల్ పద్దులో, నమోదు చేసేందుకు తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ టీ-చిట్స్ అనే వేదికను తెచ్చింది, సభ్యులు వీడియో ద్వారా పాటలో పాల్గొనే వీలును 2019 సవరణ కల్పించింది. మంచిదే. అయితే పాట ఎంతకు పోయిందో, ఎవరు ఎంత కట్టారో చెరిపివేయకుండా ఉంచడం వేరు, పాడుకున్నవాడికి సొమ్ము ఇప్పించడం వేరు. మా బంధువు ఒకరు వేరే కంపెనీలో చిట్టీ పాడుకుంటే, ఈ నెల, పై నెల అని తిప్పి తిప్పి, చివరకు డబ్బుకు బదులు ఊరికి దూరంగా ఉన్న వెంచర్‌లో ప్లాటు తీసుకొమ్మన్నారు. ఆయన అడిగింది కూతురి పెళ్లి ఖర్చుకు. పెళ్లివారికి ప్లాటు వడ్డించలేడు కదా. ఆ కాగితాలన్నీ కంప్యూటర్‌లో చక్కగానే ఉన్నాయి.

నన్నడిగితే యాప్ కన్నా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ప్రతి గ్రూపుకూ చిట్స్ రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి ఉండాలి, చిట్టీ మొత్తానికి సమానమైన డిపాజిట్‌ను కంపెనీ బ్యాంకులో రిజిస్ట్రార్ పేరిట ఉంచాలి, లేదా చట్టం చెప్పిన మరో రూపంలో హామీ చూపాలి. మీ గ్రూపు అనుమతి నంబరు అడగండి, ఇవ్వడానికి గుమస్తా నసిగితే లేచి వచ్చేయండి. తరువాత, ఇప్పటికే పాడుకున్నవాళ్లకు సొమ్ము ఎన్నాళ్లకు ముట్టిందో చాయ్ బండి దగ్గర నిలబడి కనుక్కోండి. మెట్ల మీద తెలిసేంత నిజం బ్రోచర్‌లో తెలియదు. ఆన్‌లైన్ పాటలో పోతున్నది ఈ మెట్లే అని నా బాధ.

మీకు ఉద్యోగం ఉండి, ముందు పెద్ద అవసరమేదీ లేకపోతే మాత్రం చిట్టీ జోలికి రాకండి. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేసుకోండి. ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది, చిట్టీకి అలాంటిది లేదు. చివరి వరకు పాడకుండా కూర్చుని డివిడెండ్లు తినాలనుకునే సభ్యులు గ్రూపులో ఎక్కువైతే మాకు చిట్టీ చవకగా దొరుకుతుంది, ఆ లెక్కన మిమ్మల్ని రమ్మని పిలవడమే నాకు లాభం.