పల్మ్సే దివాణం చరిత్ర ఎక్కడ వెతకాలి?

మీరడిగినవి రెండు: ఎస్తోనియాలోని పల్మ్సే మేనర్ (దొరల దివాణం) భవనం ఏ కాలానిది, దాని కింద పనిచేసిన రైతు కుటుంబాల జాడ ఎలా తీయాలి.

మొదటిదానికి ఒక్క సంవత్సరం చెప్పలేం. 1510 దాకా ఆ భూములు ఎస్తోనియా రాజధాని టాలిన్‌లోని సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసినుల మఠానివి. 1677లో జర్మన్ దొరలైన ఫాన్ డెర్ పాలెన్ వంశం చేతికొచ్చాయి. భవనం పని 1697లో మొదలైంది. ఇప్పుడు కనిపించే రూపం మాత్రం 1782-85లో వాస్తుశిల్పి యోహాన్ కాస్పర్ మోర్ తిరగగట్టినది. ఒక్కోచోట ఒక్కో ఏడు రాసి ఉండటానికి కారణం ఇదే. 1919 అక్టోబరు 10 నాటి భూసంస్కరణ చట్టంతో దొరల పెత్తనం ముగిసింది.

అసలు చిక్కు రెండోదే. పాత కాగితాలు ఎక్కువగా జర్మన్‌లో ఉంటాయి, వాటిలో ఊరి పేరు ‘పాల్మ్స్’. టాలిన్‌కు ‘రేవల్’ అని రాస్తారు. చర్చి రిజిస్టర్లకు కద్రినా పారిష్ (ఒక చర్చి కిందకొచ్చే ఊళ్ల పరిధి) చూడాలి. ఎస్తోనియా జాతీయ ఆర్కైవ్స్ వారి ‘సాగా’ సైట్‌లో వీటి స్కాన్లు ఉన్నాయి.

తలపన్ను కోసం తీసిన జనాభా లెక్కలు 1782, 1795, 1811, 1816, 1834, 1850, 1858 నాటివి. 1858తో మొదలుపెట్టి వెనక్కి నడవండి. ప్రతి మగవాడి పక్కనా గత లెక్కలోని వయసు, ఇప్పటి వయసు రెండూ ఉంటాయి. 1816లో 12 అయితే 1834లో 30 ఉండాలి. ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, పదేళ్లు తేడా వస్తే మనిషే వేరు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది 1835 దగ్గర. ఉత్తర ఎస్తోనియా రైతులకు ఇంటిపేర్లు వచ్చింది ఆ రోజుల్లోనే. అంతకుముందు మనిషిని కమతం పేరుతో పిలిచేవారు, కమతం మారితే ఆ పేరూ మారేది! కాబట్టి పేరుతో కాదు, భార్యాపిల్లల పేర్లు, వయసులు కలిపి పోల్చండి.

ఈ కాగితాల్లో చేతిరాత కుర్రెంట్ లిపి, అంటే పాత జర్మన్ గొలుసుకట్టు రాత. అందులో ఇంగ్లిష్ ‘ఇ’, ‘ఎన్’ దాదాపు ఒకేలా, పక్కపక్కన రెండు చిన్న గీతల్లా ఉంటాయి. ‘యు’ మీద మాత్రం చిన్న కొంకి పెడతారు. ముందుగా తెలిసిన ఊరి పేరుతో ఆ కాగితం రాసిన గుమాస్తా అక్షరాలు పట్టుకుంటే మిగతావి తేలికవుతాయి.

తేదీలు 1918 దాకా పాత (జూలియన్) క్యాలెండర్‌వి. ఇప్పటి క్యాలెండర్‌లోకి మార్చడానికి 19వ శతాబ్దపు తేదీకి 12 రోజులు కలపాలి.