యూఎస్‌బీ సీరియల్ కన్వర్టరుతో గడియారం మైక్రోసెకన్ల కచ్చితత్వానికి దిగుతుందా?

జీపీఎస్ మాడ్యూలు సెకనుకొకసారి ఇచ్చే పల్సును యూఎస్‌బీ సీరియల్ కన్వర్టరు ద్వారా లైనక్స్ కంప్యూటరుకు అందిస్తున్నా గడియారం మిల్లీసెకను దాకా ఊగుతోందని, మంచి డ్రైవరు వేస్తే ఆ ఊగు మైక్రోసెకన్లకు తగ్గుతుందా అని అడిగారు. తగ్గదు. పాలకొల్లులో మా డాబా మీద యాంటెన్నా పెట్టి ఇదే పనిమీద నేను దాదాపు నెల రోజులు పోగొట్టుకున్నాను.

పాత కంప్యూటర్ల సీరియల్ పోర్టులో డీసీడీ అనే సంకేతపు పిన్ను మీద వోల్టేజీ మారగానే ప్రాసెసరుకు ఇంటరప్టు (చేస్తున్న పని ఆపి వెంటనే చూడమనే పిలుపు) వెళుతుంది. యూఎస్‌బీ పరికరం తనంతట తాను పిలవలేదు. కంప్యూటరు అడిగినప్పుడే చెప్పాలి. ఈ కన్వర్టర్లలో ఎక్కువ భాగం పనిచేసే ఫుల్ స్పీడ్ అనే యూఎస్‌బీ వేగంలో ఆ అడగడం 1 మిల్లీసెకను ఫ్రేముల లెక్కన సాగుతుంది. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) కోసం నిలబడ్డవారికి ఇది తెలిసిన సంగతే: మనం రేవుకు ఎప్పుడు చేరినా, అవతలి ఒడ్డున దిగే వేళ పంటు చేతిలోనే ఉంటుంది. ఆ నిరీక్షణ ప్రతిసారీ ఒకే కొలతగా ఉంటే దానిని లెక్కలోంచి తీసివేయవచ్చు. కానీ అది ఒక సెకను ఎక్కువగా, మరో సెకను తక్కువగా ఉంటుంది, పైగా డ్రైవరు సమయం నమోదు చేసేది పల్సు పంటు దిగిన తరువాతే కనుక, అది ఎక్కిన క్షణం ఏ డ్రైవరుకూ తెలిసే వీలు లేదు.

ఈ కన్వర్టర్లలో తరచూ కనిపించే ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పులో 16 మిల్లీసెకన్లుగా ఉండే లేటెన్సీ టైమరును (వచ్చిన సమాచారాన్ని పంపేముందు ఎంతసేపు పోగుచేయాలో చెప్పే గడువు) 1కి తగ్గించమని చాలామంది చెబుతారు. నేనూ తగ్గించాను. జీపీఎస్ నుంచి అక్షరాల రూపంలో వచ్చే సమయ సమాచారం త్వరగా చేరింది గాని పల్సు ఊగు తగ్గలేదు, ఎందుకంటే పిన్ను స్థితి మారినప్పుడు ఆ చిప్పు టైమరు కోసం ఆగదు. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంలో ఒక్కో అక్షరానికే మిల్లీసెకనుకు పైగా పడుతుంది కాబట్టి ఆ అక్షరాలను నమ్మి గడియారం దిద్దడం ఎలాగూ కుదరదు. చవక మాడ్యూళ్ల యూఎస్‌బీ సాకెట్‌లో అసలు పల్సే రాదు, అది బోర్డు మీద విడి పిన్నుగా మిగిలిపోతుంది. ముందు అది చూసుకోండి.

చివరికి ఆ పిన్నును రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు జీపీఐఓ పిన్నుకు (బయటి సంకేతాలను నేరుగా అందుకునే పిన్ను) నేరుగా కలిపి (అది 3.3 వోల్టులకు మించి తట్టుకోదు, జాగ్రత్త) గడియారం దిద్దే క్రోనీ ప్రోగ్రాముకు అప్పగించాక, ఊగు కొద్ది మైక్రోసెకన్లకు దిగింది. అయితే మీ అవసరం నిజంగా అంత సూక్ష్మమైనదో కాదో చూసుకున్నాకే ఖర్చు పెట్టండి. మా రొయ్యల చెరువు ఆక్సిజన్ రీడింగులు నిమిషానికొకటి చొప్పున ఇప్పటికీ ఆ యూఎస్‌బీ తీగ ఇచ్చే సమయంతోనే నమోదవుతున్నాయి.