యానాం పెట్రోలు చౌకే గానీ దారి చౌక కాదు

ప్రశ్న: మాది అమలాపురం. ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని. బడి 16 కిలోమీటర్ల దూరం. 2019లో కొన్న 1200 సీసీ పెట్రోలు కారు ఉంది, లోను తీరిపోయింది. కొత్తలో లీటరుకు 18 ఇచ్చేది, ఇప్పుడు 14 దాటడం లేదు. అన్నీ కలిపి నెలకు 1,100 కిలోమీటర్లు తిరుగుతాను. పెట్రోలుకే ఎనిమిదిన్నర వేలు అవుతోంది. మొన్న సర్వీసింగ్ బిల్లు 11,400 వచ్చింది. మా బడికే ఇక్కడి నుంచి వచ్చే ఇద్దరు మాస్టార్లు తమ కార్లకు యానాంలో పెట్రోలు కొట్టించుకుంటున్నారు. లీటరుకు 12 రూపాయలు మిగులుతుందట. మాకు యానాం 32 కిలోమీటర్లు. నేనూ అలాగే చేయనా? లేక సీఎన్‌జీ కిట్ పెట్టించనా? అసలు కారే అమ్మేయనా? దీనికి తోడు పోయిన వారం కొబ్బరి మట్ట పడి బానెట్ సొట్టపోయింది. బాగుచేయడానికి 4,500 అడుగుతున్నారు. ఇన్సూరెన్స్ రెన్యువల్ ఆగస్టులో, పోయినసారి డీలర్ దగ్గర 14,800 కట్టాను. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసుకోమంటారా?

జవాబు: మాస్టారూ, ముందు యానాం లెక్క తేల్చేద్దాం. మన వైపు నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో మూడోవంతు ఈ ప్రశ్నే ఉంటుంది.

యానాంలో పెట్రోలు చౌక అన్నది నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడి పన్ను తక్కువ. ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే రేటు మారిపోవడానికి కారణం ఇంతే. మన దగ్గర లీటరు 110, అక్కడ 98 అనుకుందాం. మీరు 30 లీటర్లు కొట్టిస్తే 360 రూపాయలు మిగులుతాయి. కానీ వెళ్ళి రావడానికి 64 కిలోమీటర్లు. మీ కారు 14 ఇస్తోంది కాబట్టి నాలుగున్నర లీటర్ల పైనే తాగుతుంది. యానాం రేటుకే వేసినా 450 రూపాయలు. అంటే ప్రతి ట్రిప్పుకూ 90 రూపాయలు ఎదురు కట్టి, రెండు గంటలు పోగొట్టుకుని వస్తున్నారన్నమాట. టైర్ల అరుగుదల ఇందులో వేయలేదు.

యానాంకు దగ్గరున్న మురమళ్ళ వైపు వాళ్ళకు ఈ లెక్క తిరగబడుతుంది. మీలాంటి కారుకు పాతిక కిలోమీటర్ల దగ్గర లాభనష్టాలు సమానమవుతాయి. పది లోపైతే హాయిగా వెళ్ళి రావచ్చు. మీకైతే కాకినాడలో పని ఉండి ఆ దారిన పోతున్నప్పుడు ట్యాంకు నింపుకోవడం ఒక్కటే కలిసొస్తుంది. క్యాన్లలో నింపి డిక్కీలో పెట్టుకొచ్చేవాళ్ళను చూశాను. మే నెల ఎండలో ఆ కారు వెనక నడపాలన్నా నాకు భయమే.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది. ‘మా బడికే ఇక్కడి నుంచి వచ్చే ఇద్దరు మాస్టార్లు.’ ఒకే ఊరి నుంచి, ఒకే బడికి, ఒకే వేళకు మూడు కార్లు. ముగ్గురూ కలిసి మాట్లాడుకుని యానాం కనిపెట్టారు గానీ, ముగ్గురూ ఒక కారెక్కడం తట్టలేదు!

వారానికొకరి కారు తీయండి. బడికి మీరు నెలకు 24 రోజులు, రోజుకు 32 చొప్పున 768 కిలోమీటర్లు తిరుగుతున్నారు. వంతులేసుకుంటే మీ వాటా 256కు దిగుతుంది. 512 కిలోమీటర్లు తగ్గాయి. మీ కారుకు ఇప్పుడు కిలోమీటరుకు దాదాపు 7 రూపాయల 85 పైసలు పెట్రోలుకే అవుతోంది కాబట్టి నెలకు నాలుగు వేలు మిగులు. మీతోపాటు వాళ్ళకూ అంతే.

డబ్బులు తీసుకుని ఎక్కించుకోవడం కంటే వంతులే మేలంటాను. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో కిరాయికి తిప్పితే క్లెయిమ్‌కు పేచీ వస్తుంది. వంతుల్లో ఆ గొడవ లేదు. కొత్త గొడవ ఒకటి ఉంటుంది, అది నాకూ తెలుసు. ఒకాయన ఏడున్నరకే గుమ్మంలో నిలబడతాడు, ఇంకొకాయన ‘ఇదిగో వచ్చేస్తున్నానండి’ అంటూ స్నానానికి వెళ్తాడు. ఐదు నిమిషాలు చూసి కదిలిపోవాలని మొదటి రోజే ఒప్పందం పెట్టుకోండి.

మైలేజీ 18 నుంచి 14కు పడిపోయిందన్నారు. దాన్ని ముందు సరిగ్గా కొలవాలి. మీటర్ బోర్డు మీద కనిపించే అంకెను పక్కన పెట్టండి. బంకులో ఆటోమేటిక్‌గా ఆగేదాకా ట్యాంకు నింపించి రీడింగ్ రాసుకోండి. మూడు నాలుగొందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్ళీ నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. రెండుసార్లు చేస్తే నిజం తెలుస్తుంది.

ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. కాబట్టి లీటరుకు ఒక కిలోమీటరు దాకా తగ్గితే దాన్ని అనవచ్చు. నాలుగు తగ్గితే మాత్రం తప్పు కారులోనో, నడిపే తీరులోనో ఉంది. మొదట టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. బంకులో గాలి ఉచితంగా పట్టాలి, అడగడానికి మొహమాటపడకండి. కాలవ గట్ల మీది గుంతల్లో తిరిగే కార్లకు ఎలైన్‌మెంట్ కూడా తరచూ పోతుంది, ఐదు వేల కిలోమీటర్లకోసారి చూపించండి. వానాకాలంలో వారం రోజులు కదలని కారుకు బ్రేకులు పట్టేసి చక్రం బరువుగా తిరుగుతుంది. తిన్నటి రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపాక ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి (రిమ్ తాకకండి, కాలుతుంది). ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే మెకానిక్‌కు పని ఉన్నట్టే. డిక్కీలో సంక్రాంతి నాటి కొబ్బరికాయల బస్తా ఇంకా ఉంటే దించేయండి. దాంతో అద్భుతాలేం జరగవు గానీ కాయలైనా పనికొస్తాయి.

పాల ప్యాకెట్టుకు, గుడికి, అర కిలోమీటరు దూరానికి కారు తీయడం మానేయండి. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తే ఆ కాస్త దూరానికి మామూలు కంటే చాలా ఎక్కువ తాగుతుంది. ఇవన్నీ సర్దుకుంటే 16 వస్తుందని నా అంచనా. 18 మీద ఆశ వదులుకోండి.

ఇక సర్వీసింగ్. మీరు పంపిన బిల్లు చదివాను. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, బ్రేకుల శుభ్రం, కూలీ కలిపి సరిగ్గా 5,000. ఇవి కావలసినవే. మిగతా 6,400 ఏమిటంటే ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం) 1,900, బాడీ పాలిష్ 1,700, లోపలి క్లీనింగ్ 1,600, ఏసీ క్లీనింగ్ 1,200. మామూలుగా నడుస్తున్న ఇంజిన్‌కు డీకార్బనైజింగ్ ఎందుకో నాకింతవరకూ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పాలిష్, లోపలి క్లీనింగ్ ఆదివారం పూట బకెట్టు నీళ్ళతో, పాత లుంగీతో అయిపోయే పని. ఏసీ చల్లగా వస్తూ వాసన లేకపోతే దాన్ని కదపక్కర్లేదు.

తమాషా ఏమిటంటే మీరు వద్దన్నది ఒకే ఒక్కటి, అండర్‌బాడీ కోటింగ్. హైదరాబాదు వాళ్ళు అడిగితే వద్దనే చెప్పేవాణ్ణి. మనం సముద్రపు ఉప్పు గాలిలో, రొయ్యల చెరువుల మధ్య, ఏడాదిలో సగం తడి రోడ్ల మీద బతుకుతున్నాం. నా పాత కారు ఫ్లోర్ కింద నుంచి తుప్పు తినేసి, డ్రైవర్ మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపించే దాకా వచ్చింది. కారును పైకెత్తించి కింద ఒకసారి మీ కళ్ళతో చూడండి. తుప్పు మొదలై ఉంటే గీకించి కోటింగ్ వేయించండి, అలాగే వేస్తే తుప్పు లోపలే పెరుగుతుంది.

మీ కారుకు వారంటీ అయిపోయింది కాబట్టి కంపెనీ షోరూమ్‌కే వెళ్ళాలని లేదు. నమ్మకమైన షెడ్డు ఉంటే, కంపెనీ స్పేర్లు మీరే కొని ఇచ్చి, దగ్గరుండి ఆయిల్ మార్పించుకోండి. ఎక్కడైనా సరే మార్చిన పాత సామాన్లు తిరిగి ఇమ్మనండి. ఒక సర్వీస్ సెంటర్‌లో ‘బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి సార్, ఇప్పుడే మార్చకపోతే డేంజర్’ అంటే టెన్షన్ పడి సరే అన్నాను. పాతవి చూపించమంటే సగానికి పైగా మిగిలే ఉన్నాయి. డబ్బు తిరిగి రాలేదు. అప్పటి నుంచి ముందు చూపించమని, తర్వాత మార్చమంటున్నాను.

సీఎన్‌జీ సంగతి. తాటిపాకలో ఓఎన్‌జీసీ వాళ్ళ చిన్న రిఫైనరీ, ఊళ్ళ కింద గ్యాసు పైపులు ఉన్నంత మాత్రాన మనకేమీ చౌకగా రాదు, లెక్క లెక్కే. గ్యాసు కిలో 95, కిలోకు 20 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 3 రూపాయల 10 పైసలు మిగులుతుంది. కిట్‌కు 65,000 పెడితే అది తిరిగి రావడానికి 21,000 కిలోమీటర్లు నడవాలి. ఇప్పుడు తిరుగుతున్నట్టయితే 19 నెలలు. వంతులు మొదలుపెట్టాక మీరు తిరిగేది నెలకు 590 మాత్రమే, అప్పుడు మూడేళ్ళు. అప్పటికి కారు వయసెంతవుతుందో చూసుకోండి. డిక్కీ పోతుంది, సిలిండర్‌కు మూడేళ్ళకోసారి పరీక్ష చేయించాలి, ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఈ కారుకు వద్దు. అమ్మడం కూడా వద్దు. లోను తీరిన కారును అమ్మి కొత్తది కొంటే మళ్ళీ ఈఎంఐ మొదలు.

బానెట్ సొట్ట. క్లెయిమ్ చేయకండి. ఐదేళ్ళకు పైగా క్లెయిమ్ లేదు కాబట్టి మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నడుస్తోంది. మీ పాలసీలో సొంత కారు నష్టానికి వేసే ప్రీమియం బోనస్ లేకుండా 6,000 అనుకుందాం. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే వచ్చే రెన్యువల్‌కు బోనస్ సున్నా, ఆ తర్వాత 20, 25, 35, 45 మీదుగా మళ్ళీ 50కి ఎక్కాలి. ఈ మధ్యలో మీరు పోగొట్టుకునేది 3,000, 1,800, 1,500, 900, 300. మొత్తం 7,500. కారు విలువతోపాటు ప్రీమియం ఏటా తగ్గుతుంది కాబట్టి 6,500 అనుకున్నా సరే. వచ్చేదెంత? 4,500లో తప్పనిసరి కోత 1,000, పెయింటు మీద తరుగు పోగా మూడు వేల చిల్లర. సొంత డబ్బుతో చేయించుకోండి, కారును చెట్టు కింద నుంచి జరపండి. పెద్ద ప్రమాదమైతే వేరే సంగతి, అప్పుడు బోనస్ ముఖం చూడొద్దు.

ఇన్సూరెన్స్‌కు డీలర్ దగ్గర 14,800 కట్టారు కదా. మీ సీసీ కారుకు థర్డ్ పార్టీ (అవతలివాళ్ళకు జరిగే నష్టానికి) ప్రీమియం 3,416, ప్రభుత్వం నిర్ణయించిన రేటు అది, ఏ కంపెనీలోనైనా ఒకటే. తేడా అంతా సొంత నష్టం భాగంలో, యాడ్ ఆన్‌లలో (విడిగా డబ్బు కట్టి తీసుకునే అదనపు రక్షణల్లో) ఉంటుంది. మూడు చోట్ల అడిగితే పన్నుతో కలిపి పదిన్నర వేల దగ్గరకు దిగాలి. బోనస్ మీ పేరున ఉంటుంది, కంపెనీ మారినా వెంట వస్తుంది. పాలసీ గడువు దాటి 90 రోజులు పోనిస్తే మాత్రం ఆ 50 శాతం గోదాట్లో కలిసినట్టే.

వంతులతో, సరైన మైలేజీతో నెలకు నాలుగున్నర వేలు మిగులుతుంది. అందులో 2,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదికి 24,000. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, నాలుగేళ్ళకోసారి వచ్చే టైర్లు, బ్యాటరీ అందులోంచే వెళ్ళిపోతాయి. బిల్లు వచ్చిన నెలలో చీటీ పాడుకోవాల్సిన అవసరం రాదు.

మీ రెన్యువల్ ఆగస్టులో అన్నారు. గోదారి వచ్చేదీ ఆ రోజుల్లోనే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు లంకల వైపు కాజ్‌వేల మీద ఎన్ని బళ్ళు ఆగిపోయాయో మీరూ చూసే ఉంటారు. నీళ్ళలో ఆగిన కారును మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు లాగి లోపల రాడ్లు వంగిపోతాయి. మామూలు పాలసీలో ఆ నష్టం సాధారణంగా రాదు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. కారు పాతబడేకొద్దీ కొన్ని కంపెనీలు అది ఇవ్వవు, కాబట్టి ధర అడిగేటప్పుడే ఇస్తారా అని కూడా అడగండి. అది ఉన్నా లేకపోయినా, నీళ్ళలో ఆగితే తాళం తిప్పకండి. నలుగురిని పిలిచి తోయించండి.