జీతం లేని కోడింగ్, నలుగురిలో అభిప్రాయాలు: అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె, బత్తాయి తోట ఉంది. మా అమ్మాయి నల్లగొండలో హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. సెలవులకు వచ్చినా ఓపెన్ సోర్స్ అంటూ అర్ధరాత్రి దాకా జీతం లేని పని చేస్తుంది. సాఫ్ట్‌వేర్ రంగంలో ఆడవాళ్ల పరిస్థితి గురించి, టెక్నాలజీ వార్తల గురించి తన పేరుతోనే ఇంటర్నెట్‌లో రాస్తోంది. కింద ఎవరెవరో బూతులు పెట్టారు, చుట్టాలు చూసి అడిగారు. ఉద్యోగానికీ, రేపు సంబంధాలకూ అడ్డమవుతుందని నా భయం. మానెయ్యమని చెప్పమంటారా?

జవాబు: కూతురి పేరు కింద బూతులు చూసిన తండ్రికి నిద్ర పట్టదని నాకు తెలుసు. అయినా మానెయ్యమని చెప్పకండి. కోడ్‌ను నలుగురూ చూసేలా దాచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లోని ఆమె పేజీని, మీరు పంపగా, ఆమె రాసిన నాలుగు వ్యాసాలను పూర్తిగా చదివిన తర్వాతే ఈ మాట అంటున్నాను.

ఆ జీతం లేని పనిని ముందు మీరు దగ్గరగా చూడాలి. ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా సరిదిద్ది పంపేలా చేసే పద్ధతి. ఒక చిన్న వార్తల యాప్‌లో శీర్షిక పొడవైతే దాన్ని ఒక లెక్క దగ్గర కత్తిరించి చుక్కలు పెట్టే ఏర్పాటు ఉంది. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒక్క అక్షరమే గానీ, కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ అనే సంకేతాల పద్ధతిలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే 6 సంకేతాలు. ప్రోగ్రామ్ ఆ సంకేతాలను లెక్కపెట్టి నడుమ కోసేయడంతో శీర్షిక చివర ‘స్త్’ అని విరిగి కనిపించేది. మీ అమ్మాయి ఆ తప్పును పట్టుకొని, అక్షరం మొత్తాన్ని ఒకటిగా లెక్కించేలా కోడ్ రాసి పంపింది. ఆ యాప్ బాధ్యతలు చూసే వ్యక్తి పరీక్షించిన ఆధారం లేదని ఒకసారి, కన్నడంలోనూ సరిచూడమని మరోసారి తిప్పి పంపారు, మూడోసారి స్వీకరించారు. ఆ సంభాషణంతా తేదీలతో సహా ఎవరైనా చదువుకునేలా అక్కడ ఉంది. తప్పు చూపిస్తే ఈ అమ్మాయి అలుగుతుందా, సరిదిద్దుకుంటుందా అన్నది మార్కుల మెమో చెప్పలేదు, ఆ పేజీ చెబుతుంది. ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విద్యార్థిగా మొదలుపెట్టిన, కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్ ఇలా ఎందరో చేతులు వేయగా పెరిగిందే. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ అదే.

ఇక ఆడవాళ్ల గురించి ఆమె రాసింది ఆధారం లేని ఆవేశం కాదు. 2006లో, ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే పథకం కింద, లైనక్స్ కంప్యూటర్ల తెరను తయారుచేసే గ్నోమ్ అనే ప్రాజెక్టుకు 200కు దగ్గరగా దరఖాస్తులు వస్తే, వాటిలో ఒక్కటీ మహిళది కాదు. అమ్మాయిలకు ఆసక్తి లేదని సరిపెట్టుకోకుండా, నేర్పించే మనిషి తోడుంటారని చెప్పి మహిళల కోసమే పిలుపునిస్తే 100కు పైగా వచ్చాయి. ఆ ప్రయత్నమే పెరిగి ఔట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ అయింది. ఇంటి నుంచే 3 నెలలు చేసే ఈ పనికి 7,000 డాలర్ల భృతి ఇస్తున్నారు. 2017లో అచ్చయిన ఒక పరిశోధన గిట్‌హబ్‌లో మహిళలు పంపిన మార్పుల్లో దాదాపు 79 శాతం, పురుషులు పంపినవాటిలో దాదాపు 75 శాతం ఆమోదం పొందాయని చూపింది. అయితే ఆ ప్రాజెక్టుకు కొత్తవారై, పంపింది మహిళ అని పేజీ చూడగానే తెలిసే సందర్భాల్లో మాత్రం వారి ఆమోదం పురుషులకన్నా తగ్గింది. ఈ లెక్క చదివిన అమ్మాయి ఎలా ఊరుకుంటుంది? మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి పోరాడిన ఉమ్మడి నల్లగొండలో ఆడబిడ్డ తనకు తోచింది నలుగురిలో చెప్పడం కొత్తేమీ కాదు.

అయితే నాలుగు వ్యాసాలూ ఒక్క తీరుగా లేవు. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉపకరణంలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడ్డప్పుడు, ఆమె తన ల్యాప్‌టాప్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకొని, చెడిపోయినవి 5.6.0, 5.6.1 అని చెప్పి, ఆ తర్వాతే ఒంటరిగా భారం మోసే నిర్వాహకుల గురించి అభిప్రాయం రాసింది. ఆ వ్యాసాన్ని ఇంటర్వ్యూకు ధైర్యంగా తీసుకెళ్లవచ్చు. కృత్రిమ మేధ ఉద్యోగాలన్నీ మింగేస్తుందన్న వ్యాసం మాత్రం శీర్షిక చూసి అదే రాత్రి రాసినట్టుంది; ఆ వార్తకు మూలమైన ప్రకటన చదివిన జాడ అందులో లేదు. మరో వ్యాసంలో తోటి విద్యార్థి ఒకరిని పేరు పెట్టి నిందించిన పేరా ఉంది, దాన్ని వెంటనే తీసేయమనండి. ఒక అలవాటును విమర్శించడం వేరు, ఒక మనిషిని పదిమందిలో నిలబెట్టడం వేరు. ఆమె మాటలో పదును తగ్గాలని నేను కోరడం లేదు, ఆ పదును ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి.

మీ భయంలో నిజంగా పట్టించుకోవలసింది భద్రత. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనంలో దాచే ప్రతి మార్పుతో పాటు రాసినవారి పేరు, ఈమెయిల్ కూడా నిలిచిపోతాయి, వెనక్కి వెళ్లి చెరిపేయడం కష్టం. సొంత ఈమెయిల్ బయటపడకుండా గిట్‌హబ్ ఇచ్చే మరుగు చిరునామాను ఇకనుంచి వాడమనండి. ఫోన్ నంబరు, హాస్టల్ పేరు ఎక్కడా ఉండకూడదు. బూతులకు జవాబివ్వకుండా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకొని ఆ ఖాతాలను బ్లాక్ చేయాలి. బెదిరింపు దాకా వస్తే షీ టీమ్స్‌కు గానీ, కేంద్ర సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి. ఆ రోజు మీరు ఆమె పక్కన ఉంటే చాలు, తర్వాతి సంగతి ఆమె మీ దగ్గర దాచదు.

చుట్టాల సంగతికి వస్తే, బూతులు రాసినవారిని వదిలి మీ అమ్మాయిని అడగడం న్యాయం కాదని మీరే వారికి చెప్పాలి. ఆమె రాతలు చదివి వెనక్కి తగ్గే సంబంధం ముందే తగ్గడం ఆమెకు మేలని నా అభిప్రాయం.

సెమిస్టర్ పరీక్షలకు నెల ముందు నుంచి ఈ పనులు ఆపి, ఒక్క సబ్జెక్టూ మిగలకుండా చూసుకోమనండి. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉంటే ఇంటర్వ్యూ దాకానే రానివ్వవు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ఆ ‘స్త్రీ’ మార్పును చూపించమని మీరే అడగండి, మూడుసార్లు ఎందుకు పంపాల్సి వచ్చిందో మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పమనండి. రేపు ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు అదే.