ఎల్ఎన్ సమీకరణంలో −3ని ఎందుకు కొట్టేశారు?

ఎల్ఎన్(ఎక్స్ − 1) + ఎల్ఎన్(ఎక్స్ + 2) = ఎల్ఎన్ 4 సాధిస్తే మీకు 2, −3 వచ్చాయి, కీలో 2 ఒక్కటే ఉంది. −3 ఎందుకు పోయిందన్నది మీ ప్రశ్న. ఎల్ఎన్ అంటే సహజ సంవర్గమానం, దాని ఆధారం ఇ (సుమారు 2.718) అనే సంఖ్య.

మీ లెక్కలో తప్పు లేదు. కూడికను లబ్ధం చేసి, ఎల్ఎన్ తీసేసి (ఎక్స్ − 1)(ఎక్స్ + 2) = 4 అన్నారు. ఎక్స్² + ఎక్స్ − 6 = 0 వచ్చింది. కారణాంకాలూ సరిగ్గానే ఉన్నాయి. చిక్కంతా ఆ మొదటి మెట్టులోనే. −3ని పెట్టి చూడండి, బ్రాకెట్లు −4, −1 అవుతాయి. రెండు రుణాలు గుణిస్తే 4 కాబట్టి వర్గ సమీకరణానికి అభ్యంతరం లేదు. అసలు సమీకరణంలో మాత్రం అవి విడివిడిగా ఉన్నాయి, వాస్తవ సంఖ్యల్లో ఎల్ఎన్(−4) అనేదే లేదు. గుణించగానే ఆ షరతు కనపడకుండా పోతుంది.

అందుకే ఇక్కడ బెంగళూరులో పీయూసీ (ఇంటర్) పిల్లలకు చెప్పేటప్పుడు, లెక్క మొదలెట్టకముందే మార్జిన్‌లో ఎక్స్ > 1 అని రాయిస్తాను. ప్రతి బ్రాకెట్టూ సున్నా కంటే ఎక్కువ ఉండాలి, వాటన్నిటికీ సరిపడే షరతు అదే. అంతేగానీ, రుణ జవాబు వస్తే కొట్టేయాలని గుర్తుపెట్టుకోకండి. ఎల్ఎన్(1 − ఎక్స్) = ఎల్ఎన్ 4కి సరైన జవాబు −3 మరి!

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. ఎల్ఎన్(ఎక్స్²) = 4లో ఘాతాన్ని ముందుకు తెచ్చి 2 ఎల్ఎన్ ఎక్స్ = 4 అని రాస్తే ఇ² ఒక్కటే వస్తుంది, అంటే సుమారు 7.389. −ఇ² కూడా జవాబే, దాని వర్గం ధనాత్మకమే కదా. అక్కడ 2 ఎల్ఎన్ |ఎక్స్| అని రాయాలి. అదనంగా చేరిన మూలం సరిచూస్తే పట్టుబడుతుంది, జారిపోయిన మూలం ఎంత సరిచూసినా తిరిగి రాదు. ఇక (ఎల్ఎన్ ఎక్స్)² ఉంటే ఘాతాన్ని అసలు కదపకూడదు, ఎల్ఎన్ ఎక్స్ = టి అనుకుని వర్గ సమీకరణంలా చేసేయండి.

క్యాలిక్యులేటర్‌తో సరిచూసేటప్పుడు లాగ్ బటన్ నొక్కకండి, దాని ఆధారం 10. ఎల్ఎన్ 4 అంటే 1.386, లాగ్ 4 అంటే 0.602. ఎక్సెల్‌లోనూ ఈ రెండూ వేరే, పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లో మాత్రం లాగ్ అంటేనే ఎల్ఎన్. మీ లెక్కలో అన్ని పదాలూ ఎల్ఎన్‌లోనే ఉన్నాయి కాబట్టి ఏ ఆధారం వాడినా 2 సరిపోతుంది, పొరపాటు బయటపడదు. ఎల్ఎన్(ఎక్స్²) = 4లో అలా కాదు, ఇ² బదులు 100 వచ్చి కూర్చుంటుంది.