సిట్టింగ్ సభ్యుడు ప్రైమరీలో ఓడితే అవతలి పార్టీకెందుకు సంబరం?

ప్రైమరీ అంటే పార్టీ టికెట్ కోసం జరిగే ఎన్నిక. మన దగ్గర టికెట్ సంగతి అధిష్ఠానం తేలుస్తుంది, అమెరికాలో ఓటర్లే తేలుస్తారు. అందుకే దశాబ్దాలుగా పాతుకుపోయిన నాయకుడికీ ఒక్కోసారి సొంతింట్లోనే దెబ్బ తగులుతుంది.

అవతలివాళ్ళ సంబరం చాలావరకు సీట్ల లెక్కే: గట్టి నాయకుడు తప్పుకుంటే ఆ సీటు తమకు దక్కొచ్చని ఆశ. ఇండియానాలో ఆరుసార్లు సెనేటర్‌గా గెలిచిన రిచర్డ్ లూగర్‌ను 2012లో రిపబ్లికన్ ఓటర్లు పక్కనపెట్టి, ఆయనకంటే కరడుగట్టిన రిచర్డ్ మర్డాక్‌ను ఎంచుకున్నారు. 2006లో లూగర్ మీద అభ్యర్థినే నిలపని డెమోక్రాట్లకు ప్రాణం లేచొచ్చింది. అక్టోబరు డిబేట్‌లో అత్యాచారం వల్ల వచ్చే గర్భం గురించి మర్డాక్ నోరు జారారు. నవంబరులో డెమోక్రాట్ జో డానెలీ గెలిచారు.

అన్నిచోట్లా ఈ లెక్క పారదు. 2018లో న్యూయార్క్‌లో డెమోక్రాట్ల సీనియర్ సభ్యుడు జో క్రౌలీని ప్రైమరీలో 28 ఏళ్ళ సోషలిస్టు అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ఓడించగానే ట్రంప్ ఎగతాళిగా ట్వీట్ చేశారు. అది డెమోక్రాట్ల కంచుకోట, రిపబ్లికన్లకు దక్కే సీటు కాదు. ఆమెను చూపి పార్టీ మొత్తాన్నీ సోషలిస్టులని తిట్టడానికి మాత్రం బాగా పనికొచ్చింది. ఇటు ప్రతినిధుల సభలో డెమోక్రాట్ల నాయకురాలైన నాన్సీ పెలోసీయేమో అది ఒక్క నియోజకవర్గం ముచ్చటేనని తేలిక చేశారు.

2022లో వ్యోమింగ్‌లో ట్రంప్‌ను ఎదిరించిన రిపబ్లికన్ లిజ్ చెనీ ప్రైమరీలో ఓడినప్పుడైతే అంతా తలకిందులు: మెచ్చుకుని బాధపడింది డెమోక్రాట్లు, పండగ చేసుకుంది ఆమె పార్టీలోని ట్రంప్ వర్గం. ఆమె తండ్రి, బుష్ హయాంలో ఉపాధ్యక్షుడైన డిక్ చెనీని అదే డెమోక్రాట్లు ఒకప్పుడు ఎంత తిట్టిపోశారో గుర్తున్నవాళ్ళకు నవ్వొచ్చే ఉంటుంది.